దీర్ఘసూత్రత: రేపటికి నెట్టిన పనులు

(సంఘ సర్వసభ్య సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



నేటి సభలో దీర్ఘసూత్రతను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గమువారు కోరినారు. ఇది పాండిత్యము చూపుటకు తగిన విషయము కాదు. ప్రతి గృహమునందును ప్రతిదినమును కనబడు విషయము. సంతకము కాక బీరువాలో మిగిలిన కాగితము, ఆరు నెలలుగా వైద్యునికి చూపించుకొందమనుకొనుచున్న పంటి నొప్పి, పలుకరింపు లేక దూరమైన బంధువు, వచ్చు సెలవులలో పిల్లలకు నేర్పుదమనుకొన్న ఓనమాలు, ఇవన్నియు ఒకే తీగకు కాసిన కాయలు. వానిలో కొన్ని మన ఇంటికి నష్టము తెచ్చును. కొన్ని మన భాషకే నష్టము తెచ్చును. అందుచేత ఈ సభలో ఈ విషయమును ముచ్చటించుట అసందర్భము కాదని తలచుచున్నాను.

ముందుగా మాటను తేల్చుకొందము. పని ఆగిన ప్రతిచోటను దీర్ఘసూత్రత యున్నదనరాదు. వాన కొరకు విత్తనమును చేతబట్టుకొని కూర్చున్న రైతు పని వాయిదా వేయుచున్నవాడు కాడు. అతడు అదను చూచుచున్నాడు. కోపములో వ్రాసిన ఉత్తరమును మరునాటి ఉదయము వరకు పంపక యుంచినవాడు వివేకవంతుడు. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పినది ఇట్టివారిని గూర్చియే. ఆలస్యము వలన తనకే కీడు కలుగునని తెలిసియు, చేయుటకు వీలున్నను, చేయవలెనని మనసులో నున్నను, ఎవరును అడ్డుపడకున్నను, తనంత తానే పనిని ముందునకు నెట్టుట దీర్ఘసూత్రత. ఆ ‘తెలిసియు’ అను మాటయందే దాని చిక్కంతయు నున్నది. తెలియక చేసిన ఆలస్యమునకు తెలియజెప్పుట మందు. తెలిసి చేయు ఆలస్యమునకు ఉపదేశము మందు కాదు.

మహాభారతమున శాంతిపర్వమందు భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన మూడు చేపల కథ మీరందరు ఎరిగినదే. జాలరులు మడుగులోని నీటిని వెలికి మరల్చుచుండగా దీర్ఘదర్శి ముందే ప్రమాదము కనిపెట్టి వేరొక తావునకు పోయినది. ప్రాప్తకాలజ్ఞుడను చేప అచ్చటనే నిలిచినను, సమయమునకు తోచిన ఉపాయముతో, చేపలను గ్రుచ్చిన త్రాటిని నోట కరచుకొని చిక్కినట్లు నటించి, వానిని మంచినీట కడుగునపుడు జారిపోయినది. దీర్ఘసూత్రుడు చచ్చినది. ఈ కథలో మనము తరచుగా గమనింపని సంగతి యొకటి కలదు. ప్రమాదము లేదని దీర్ఘసూత్రుడు వాదింపలేదు. నీవు చెప్పినది సబబే కాని తొందర యక్కరలేదని మాత్రమే అన్నది. మన ఇండ్లలో ప్రతిదినమును వినబడు సమాధానమిదియే కదా! వీలునామా వ్రాయవలసినదే, తొందరేమున్నది? పిల్లవానికి తెలుగు రావలసినదే, ఇప్పుడే యేమి?

అట్లయిన మనిషి తెలిసి తెలిసి ఎందుల కిట్లు చేయును? సోమరితనమని లోకము ఒక్క మాటతో తేల్చివేయును. అది సరికాదు. పన్ను లెక్కలు వ్రాయవలసిన దినముననే కొందరు అటకమీది సామానంతయు దించి తుడిచి సర్దుదురు. పరీక్షకు చదువవలసిన పిల్లవాడు ఆనాడే పుస్తకములన్నిటికి అట్టలు వేయును. వీరు సోమరులా? చెమటోడ్చి పనిచేయుచున్నారు. ఆ ఒక్క పని తప్ప తక్కినవన్నియు చేయుచున్నారు. భగవద్గీత 18వ అధ్యాయమున తామస కర్తను వర్ణించుచు అలసుడనియు, విషాది యనియు, దీర్ఘసూత్రి యనియు మూడు మాటలు వేర్వేరుగా చెప్పబడినవి. సోమరితనము వేరు, దీర్ఘసూత్రత వేరు. ఆ దీర్ఘసూత్రికి ప్రక్కనే యున్నవాడు విషాది, అనగా మనసు క్రుంగినవాడు. ఈ ఇరుగుపొరుగుతనము నాకు ఎంతయు అర్థవంతముగా తోచుచున్నది.

ఏలయనగా, ఇటీవలి మనస్తత్త్వ శాస్త్రజ్ఞులును ఆ వైపునకే వేలు చూపుచున్నారు. 2013లో ఫ్యూషియా సిరోవా, తిమోతి పిచిల్ అను ఇద్దరు ఈ విషయమును విచారించుచు, పనిని వాయిదా వేయువాడు నిజమునకు పనినుండి కాక, ఆ పనితో ముడిపడిన బాధనుండి పారిపోవుచున్నాడని నిరూపింప యత్నించినారు. ఆ బాధ భయము కావచ్చును, విసుగు కావచ్చును, చేతకాదేమో యన్న సంకోచము కావచ్చును. రేపు చేయుదమని అనుకొన్న క్షణముననే మనసు తేలికపడును. ఆ తేలికదనమే లంచము. ఒకసారి లంచము రుచి మరిగిన మనసు మరల మరల దానినే కోరును. దీనికి తోడు దూరముననున్న లాభనష్టములు మనకు చిన్నవిగా కనబడును. కొండ దూరమున నున్నపుడు అరచేతితో కప్పవచ్చును గదా! 2007లో పియర్స్ స్టీల్ అను నాతడు అంతవరకు జరిగిన అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించి, పని ఎంత అరుచిగా నుండునో, దాని ఫలము ఎంత దూరమున నుండునో, అంతగా వాయిదా పెరుగునని తేల్చినాడు.

కర్ణాటకములోని మనవారు గుమ్మములపై ‘నాళె బా’ అని వ్రాయుట చూచియుందురు. తెలుగు పల్లెలలో అదే ‘ఓ స్త్రీ రేపు రా’ అని వెలసినది. రాత్రి తలుపు తట్టు దయ్యము ఆ వ్రాత చదువుకొని వెనుదిరిగి, మరునాడు వచ్చి మరల అదియే చదువుకొని పోవునట! నమ్మకము మాట ఎట్లున్నను, మనము మన పనుల ముఖముపై వ్రాయుచున్నదియు సరిగా ఆ మాటయే. భేద మేమనగా, ఆ దయ్యము వెనుదిరిగి పోవునేమో గాని, పని పోదు. గుమ్మము వెలుపలనే కూర్చుండును. భోజనము చేయునపుడు, నిద్రించునపుడు దాని గుసగుస వినబడుచునే యుండును. 1997లో డయాన్ టైస్, రాయ్ బామీస్టర్ అను వారు కళాశాల విద్యార్థులపై జరిపిన పరిశీలనలో, వాయిదా వేసినవారు చదువు మొదట్లో తక్కినవారికంటె సుఖముగానే యుండి, గడువు సమీపించిన కొలది వారికంటె ఎక్కువ ఆందోళనను, ఎక్కువ అనారోగ్యమును అనుభవించినారని తేలినది. మార్కులును తగ్గినవి. మొదట పొందిన సుఖముకంటె తుదను చెల్లించిన మూల్యమే హెచ్చు. అప్పు చేసి తిన్న పప్పుకూడు వంటిదే ఈ సుఖము.

ఇక నిత్యజీవితములో దీని ఫలితములను చూతము. గడువు గల పనులు, గడువు లేని పనులు అని రెండు తరగతులు చేసికొన్న విషయము తేటపడును.

గడువు గలవానిలో మొదటిది బిడ్డ పుట్టుక నమోదు. 1969 నాటి చట్టము ప్రకారము జననమును 21 దినములలోపల తెలుపవలయును. ఆసుపత్రిలో కాన్పయిన ఆ పని ఆసుపత్రివారే చేయుదురు. ఇంట కాన్పయిన భారము ఇంటివారిదే. 30 దినములు దాటిన అధికారి అనుమతి, ఏడాది దాటిన మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసివచ్చును. నామకరణము నాటికి చేర్పింతమని పేరు లేకుండగనే సర్టిఫికెట్టు తెచ్చుకొన్న ఇండ్లు కోకొల్లలు. పేరు 12 నెలలలోపల రుసుము లేకుండ చేర్పింపవచ్చును. అటుపిమ్మట 15 ఏండ్లవరకు రుసుము చెల్లింపవలయును. 2023 అక్టోబరు 1వ తేదీన గాని, తరువాత గాని పుట్టిన బిడ్డలకు బడిలో చేరుట మొదలుకొని పలు పనులకు పుట్టిన తేదీని రుజువు చేయునది ఈ సర్టిఫికెట్టే. పది నిమిషముల పనిని నెట్టినందులకు పదిసార్లు కచేరి మెట్లెక్కవలసివచ్చుట మన ఇండ్లలో క్రొత్త కాదు. అందులోను మన ఇంటిపేర్లు, పేర్లు వేరు లిపులలో వ్రాయబడునపుడు అక్షరము మారుట సామాన్యము. తప్పును ఆనాడే దిద్దించుకొన్న ఒక దరఖాస్తుతో పోవును. పెండ్లియీడు వచ్చినదాక ఆగిన అన్ని కాగితములను ఆ తప్పు అంటుకొనును.

రెండవది ప్రోనోటు. నమ్మకముపై అప్పిచ్చి, అడుగుటకు మొగమాటపడి, రేపడుగుదమని మూడేండ్లు గడుపు పెద్దమనుషులు మనలో కలరు. కోరినపుడు చెల్లించెడి ప్రోనోటుపై దావా వేయుటకు దాని తేదీనుండి గడువు 3 సంవత్సరములు. ఆ లోపల బాకీదారు వ్రాతపూర్వకముగా అప్పును ఒప్పుకొన్నచో క్రొత్త గడువు మొదలగును. లేనిచో కాలదోషము పట్టును. ఇచట కూడ చూడుడు: ఆపినది సోమరితనము కాదు, మొగమాటము. ఆస్తి దస్తావేజులును అంతే. వ్రాసిన నాటినుండి 4 నెలలలోపల రిజిస్ట్రీకి దాఖలు చేయవలయును. పిమ్మట మరి 4 నెలలవరకు జుల్మానాతో అవకాశము కలదు.

ఇక గడువు లేని పనులు. ఇవి మొదటివానికంటె ప్రమాదకరములు. గడువు గల పని ఏదో యొకనాడు మెడమీదికి వచ్చి చేయించుకొనును. గడువు లేనిది అడుగదు, గద్దింపదు, మౌనముగా జారిపోవును. వీలునామా అట్టిది. దానికి స్టాంపు కాగితము అక్కరలేదు, రిజిస్ట్రీ నిర్బంధము కాదు. వ్రాయువాని సంతకము, ఇద్దరు సాక్షుల సంతకములు చాలును. అయినను వ్రాయరు. మరణమును తలచుకొనుట కష్టముగా నుండుటయే కారణము. తరువాత అన్నదమ్ములు న్యాయస్థానములలో ఏండ్లు గడపుదురు. రక్తపు పోటు చూపించుకొనుట అట్టిది. లోపల ఏమున్నదో యన్న భయమే కాళ్ళకు బంధమగును. మాట పట్టింపు వచ్చిన తోబుట్టువుతో మరల మాటాడుట అట్టిది. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనుమన్న సామెత ఈ తరగతి పనుల కొరకే పుట్టినదనవచ్చును.

సోదరులారా, మన భాష ఈ రెండవ తరగతిలోనే యున్నది. పిల్లవానికి తెలుగు చదువుట వ్రాయుట నేర్పుటకు ఎవరును గడువు పెట్టలేదు. గణితమునకు పరీక్ష కలదు. ప్రాంతీయ భాషకు పరీక్ష కలదు, ఉండవలసినదే. తెలుగుకు చాల ఇండ్లలో పరీక్ష లేదు. కావున ప్రతి ఏడును అది వచ్చు సెలవులకు పోవును. యానాములో వీధి భాషయే తెలుగు గనుక అచటివారి కీ భయము తక్కువ. కాని హోసూరు, బళ్ళారి, బరంపురము, షోలాపురము వంటి చోట్ల ఇంట తెలుగు మాటాడు పిల్లలు తెలుగు అక్షరము నెరుగకుండుట మీకు తెలిసినదే. ఆ తల్లిదండ్రులకు భాషపై ప్రేమ లేదని నే ననను. పరికించి చూచిన వారి వెనుక నొక సంకోచము దాగియున్నది. వారు తమిళమునందో, కన్నడమునందో, ఒరియాలోనో, మరాఠీలోనో చదువుకొన్నవారు. తెలుగు మాటాడుదురు గాని ఒత్తులు వచ్చిన తడబడుదురు. బిడ్డ యెదుట తడబడుట నామోషీగా తోచును. ఆ నామోషీయే వచ్చు సెలవులని పేరు మార్చుకొని వచ్చును. కారణము పోల్చుకొన్నచో మందు తేలిక. బిడ్డతోపాటు తామును పలక పట్టుట మంచిది. అమ్మ కూడ నేర్చుకొనుచున్నదని చూచిన బిడ్డకు చదువు శిక్ష కాదు, ఆట యగును. కన్నడము చదువనేర్చినవారికి తెలుగు లిపి దాదాపు తోబుట్టువు. వారికి కొన్ని వారముల శ్రమ చాలును.

ఇచట మరియొక సంగతి. ఒక్కరి వాయిదా ఒక్కరితో పోదు. 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము, బడి మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని మాతృభాషలో చదువగోరు పిల్లలున్నచో ప్రాథమిక దశలో ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని ఏర్పరుపవలెనని నిర్ణయించినది. 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరి, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని చెప్పినది. ఆచరణలో నియమములు రాష్ట్రమును బట్టి మారును; ప్రభుత్వముల ఆలస్యమును గూర్చి మన ఫిర్యాదులు మనకు కలవు. అయినను కోరినవారి సంఖ్యయే మన వాదమునకు బలము. పదిమంది తండ్రులు, ఒక్కొక్కడును, ఈ ఏడు కాదు వచ్చు ఏడు దరఖాస్తు ఇత్తునని అనుకొన్నచో, ఈ ఏడు పదిమంది లేరు. పిల్లలు లేరని ఉపాధ్యాయుని ఖాళీ నింపరు. ఉపాధ్యాయుడు లేడని వచ్చు ఏడు పదునొకండవ తండ్రి తన బిడ్డను వేరు తరగతిలో చేర్చును. ఎవరును తెలుగు వలదనలేదు. అందరును తొందర లేదనిరి. మడుగులోని నీరు అట్లే పోవును.

వ్యాధిని చెప్పి మందు చెప్పకుండుట మర్యాద కాదు. నాలుగు ఉపాయములు మనవి చేసెదను.

ఒకటి: పనికి చోటును, వేళను నిర్ణయించుట. ‘పిల్లలకు తెలుగు నేర్పుదుము’ అనుట సంకల్పము. ‘రాత్రి భోజనము కాగానే వంటింటి బల్లయొద్ద పావుగంట’ అనుట ఏర్పాటు. ఈ విధముగా ‘ఇది కాగానే అది’ అని ముందే ముడివేసికొన్నవారు పనిని ఎక్కువగా సాధింతురని 1999లో పీటర్ గోల్విట్జర్ వివరించినాడు. మన పూర్వులకు ఇది తెలియనిదా? సంధ్యాదీపము వెలిగింపగానే పద్యము చెప్పించుట అట్టి ముడియే గదా!

రెండు: పనిని చిన్నది చేయుట. అక్షరములు 56. దినమున కొకటి చొప్పున రెండు నెలలకు లోపుగనే ముగియును. దినమునకు పావుగంట యనిన ఏడాదికి 91 గంటలు. గుణింతములు, ఒత్తులు, చిన్న కథల పుస్తకము, అన్నియు అందులో ఇముడును. కొండను చూచిన కాళ్ళు వణకును. మెట్టును చూచిన వణకవు.

మూడు: తోడు. ఒంటరిగా ఆగిపోవు పని ఇద్దరైన సాగును. ఒక వీధిలోని నాలుగిండ్ల పిల్లలు వారమున కొకనాడు ఒక ఇంట చేరిన, ఆ వారమునకు గడువు తానే యేర్పడును. వీలునామా వ్రాయదలచిన ఇద్దరు మిత్రులు ఒకేనాడు కూర్చుండి, ఒకరి కాగితమునకు ఒకరు సాక్షులు కావచ్చును. అయితే సాక్షికి ఆ వీలునామాలో భాగము ఉండరాదని మరువకుడు.

నాలుగు: క్షమ. ఇది పెద్దలు ముఖ్యముగా వినవలసినది. 2010లో కెనడాలోని విద్యార్థులపై జరిగిన పరిశీలనలో, మొదటి పరీక్షకు చదువుట వాయిదా వేసినవారిలో తమ్ము తాము క్షమించుకొన్నవారు తరువాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేసిరని కనబడినది. ఆశ్చర్యము లేదు. తిట్టిన కొలది ఆ పనితో ముడిపడిన బాధ పెరుగును. బాధ పెరిగిన కొలది పారిపోవుట పెరుగును. కావున ఇంట పెరిగిన మనుమడు తెలుగు చదువలేడని నలుగురిలో పరిహసింపకుడు. ఆ పరిహాసము వానిని ఇంకొక యేడు వెనుకకు నెట్టును. ఇంతకాలము పోయినది, ఇప్పుడేమి లాభమని తల్లిదండ్రులును క్రుంగవలదు. పోయిన సెలవులు పోయినవి. ఈ రాత్రి భోజనవేళ పోలేదు.

ఒక్క మాట చేర్చవలయును. మగ్గముల యొద్ద, మిల్లులలో రెండు పూటలు శ్రమించి ఇల్లు చేరువానికి వేళ లేకుండుట దీర్ఘసూత్రత కాదు. అట్టి ఇంటి పిల్లలను తీరిక గల పొరుగింటివారు తమ బల్లయొద్ద కూర్చుండబెట్టుకొందురు గాక. సంఘమని మనము పేరు పెట్టుకొన్నది అందులకే.

ఈ సభ ముగిసి ఇంటికి చేరిన పిమ్మట ప్రతివారును గడువు లేని పని యొక్కటి, ఒక్కటి మాత్రమే, ఎన్నుకొని, దానికి నేడే ఒక తేదీ వ్రాసి గోడమీది క్యాలెండరుపై గుర్తుపెట్టుడని వేడుచున్నాను. పది పనులు వ్రాసిన పదియు వచ్చు నెలకు పోవును. బిడ్డ బడియీడునకు వచ్చినవారు మాత్రము ఆ ఒక్కటి తెలుగు కొరకు దరఖాస్తుగా నుండనిత్తురు గాక. ఒక్క సంతకము తక్కువైన తరగతి తొమ్మిదిమందితో ఆగిపోవును. పదియవ సంతకము మీదే కావచ్చును.